మందు ఇచ్చే చేతికి చదువు కావాలి

(షోలాపూర్‌లో జరిగిన కార్మిక శిక్షణా తరగతిలో యూనియన్ ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం. మిగతా కేంద్రాల సభ్యుల కోసం ఇక్కడ అచ్చు వేస్తున్నాం.)



ఈసారి డిమాండ్ల పత్రం ముసాయిదాలో ఒక వాక్యం చేర్చమని మా ఉపసంఘం అడిగింది. డిస్పెన్సరీల్లోనూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ మందులిచ్చే ఫార్మసిస్టులకు ప్రతి ఏటా జీతంతో కూడిన శిక్షణ ఇవ్వాలి, ఆ శిక్షణలో మిల్లు కార్మికుల జబ్బులూ పనివేళలూ ఒక పాఠంగా ఉండాలి అన్నది ఆ వాక్యం. దీనిమీద కార్యవర్గంలో పెద్ద చర్చే జరిగింది. బోనస్ బకాయిలున్నాయి, గ్రాట్యుటీ కేసులు నడుస్తున్నాయి, మూతపడ్డ మిల్లుల కార్మికులకు రావలసినవి రాలేదు, ఇన్నిటి నడుమ మందులిచ్చేవాడి చదువు మనకెందుకయ్యా అని పెద్దలు అడిగారు. "ముందు మందులుండాలె గదా, చదువు తర్వాత గదా" అని ఒక అన్న గట్టిగానే అన్నాడు. తీసిపారేయదగిన మాట కాదది. దానికి జవాబు చెబుతాం, కాస్త ఓపిక పట్టండి.

మొదట, మనం దవాఖానాకు పోయినప్పుడు జరిగేదేమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఒక పూట పని పోగొట్టుకుని పోతాం. కార్డు తీసి నంబరు వేయించుకుని వరుసలో కూర్చుంటాం. డాక్టరు దగ్గర ఒకటో రెండో నిమిషాలు. ఆయన వెనకాల ఇంకో యాభైమంది నిలబడి ఉంటారు, ఆయన్ని అని లాభం లేదు. చీటీ పట్టుకుని మందుల కిటికీ దగ్గరికి వస్తాం. ఆ కిటికీ ఎత్తు ఎవరు కొలిచి కట్టారో గాని, నిలబడితే లోపలి మనిషి మొహం కనిపించదు, వంగితే మన మొహం ఆయనకు కనిపించదు. ఒక చెయ్యి చీటీ తీసుకుంటుంది, ఒక చెయ్యి కత్తిరించిన పత్తాలు బయటకు తోస్తుంది. పత్తామీద బాల్‌పెన్నుతో 1-0-1 అని రాసి ఉంటుంది. అంతే. అక్కడితో ప్రభుత్వం, కార్పొరేషన్, చట్టం అన్నిటి పనీ అయిపోయింది. ఇక మిగిలింది మనమూ ఆ పత్తాలూ.

మందు అనేది కంపెనీలో తయారై, గిడ్డంగి దాటి, డాక్టరు కలం దాటి, చివరకు ఒక చేతిమీదుగా మన చేతికి వస్తుంది. ఆ చివరి చెయ్యి ఫార్మసిస్టుది. ఆ చేతి వెనక ఒక నోరుంది, ఆ నోటికి చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ఆ మాటలు చెప్పకపోతే ఏం జరుగుతుందో ఒక్క సంగతి చెబుతాం.

మన సభ్యుల్లో ఒక పెద్దాయన ఉన్నాడు. కార్డింగ్‌లో ముప్పై ఏళ్లకు పైగా చేసి దిగిపోయాడు. ఆయాసం. డాక్టరు పీల్చే మందు రాశాడు. గొట్టంలో ఒక గోళీ పెట్టి తిప్పి, లోపలి పొడిని నోటితో పీల్చుకోవాలి. కిటికీలోంచి గోళీల డబ్బా వచ్చింది, గొట్టం కూడా వచ్చింది. రెండు నెలలు వాడినా ఆయాసం తగ్గలేదు. మేము ఇళ్లకు తిరుగుతూ ఆయన ఇంటికి పోయినప్పుడు మందు ఎట్లా వాడుతున్నావు తాతా అని అడిగాం. "పొద్దుగాలొకటి, రాత్రికొకటి నీళ్లతోటి మింగుతున్న బిడ్డా. గోళి అంటే మింగుడే గదా! ఆ గొట్టమేమో మా మనుమడు ఆడుకుంటున్నడు" అన్నాడు. కడుపులోకి పోయిన ఆ పొడి ఊపిరితిత్తులకు ఏం ఉపకారం చేస్తుంది? ఆ మందుకు పెట్టిన డబ్బు వృథా, రెండు నెలల ఆయాసం అదనం. ఇంతా చేసి, నేర్పడానికి పట్టే సమయమెంత? గొట్టంలో గోళీ పెట్టడం, తిప్పడం, ఊపిరి బయటకు వదలడం, నోటితో గట్టిగా పీల్చి పదంకెలు లెక్కపెట్టేవరకు బిగపట్టడం. స్టెరాయిడ్ మందయితే తర్వాత నోరు పుక్కిలించడం. రోగి చేత ఒకసారి చేయించి చూస్తే అయిదు నిమిషాల పని. ఇట్లా గోళీలు మింగేసేవాళ్లు మన పెద్దాయన ఒక్కడే కాదు, ఈ గొట్టాలు వచ్చిన ప్రతి చోటా డాక్టర్లు చెప్పే సంగతే ఇది.

అయితే ఆ కిటికీ వెనక ఉన్నవాణ్ణి తిట్టడానికి మేము ఈ మాట ఎత్తలేదు. ఆయనకు ఎవరు నేర్పారు? ఎప్పుడు నేర్పారు? అక్కడికి వద్దాం.

మన పెద్దలకు కంపౌండరు బాగా గుర్తు. సీసా ఇంటినుంచి తీసుకుపోతే ఎర్రనీళ్లో పచ్చనీళ్లో పోసి, సీసాకు పంటి గాట్ల కాగితం అతికించి, ఒక గాటు ఒక మోతాదు అని చెప్పేవాడు. చదువు రాని తల్లికి కూడా ఆ గాట్ల కాగితం అర్థమయ్యేది. ఇప్పటి పత్తామీది 1-0-1 కన్నా అదే నయమని మాకనిపిస్తుంది. కానీ ఆ కంపౌండర్లలో చాలామంది డాక్టరు పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవాళ్లే. 1930లో తెల్లదొరల ప్రభుత్వం రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన ఔషధాల విచారణ సంఘాన్ని వేసింది. మందుల్లో కల్తీకీ, మందులిచ్చేవారి శిక్షణకూ చట్టం కావాలని ఆ సంఘం చెప్పింది. 1932లో మహదేవ్‌లాల్ ష్రాఫ్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఔషధ రసాయన శాస్త్రం పాఠాలు మొదలుపెట్టారు. ఇక చట్టం వచ్చేసరికి 1948 అయింది. ఆ ఒక్క సంవత్సరంలోనే ఫార్మసీ చట్టం, ఈఎస్ఐ చట్టం, ఫ్యాక్టరీల చట్టం మూడూ వచ్చాయి. మనకు దవాఖానా ఇస్తామన్న ఏడే, మందు ఇచ్చేవాడికి చదువుండాలని కూడా దేశం ఒప్పుకుంది. ఈఎస్ఐ 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో మొదలై, తర్వాత ఒక్కొక్క ఊరికీ వచ్చింది.

ఇప్పుడు ఫార్మసీ డిప్లొమా అంటే రెండేళ్ల చదువు, దానిమీద మూడు నెలలకు తగ్గకుండా 500 గంటల పని శిక్షణ. అందులో 250 గంటలు చీటీ చూసి మందులివ్వడంలోనే గడవాలని 1991 నాటి నిబంధనలు చెప్పాయి. 2020లో పాఠ్యాంశాలు మార్చి, రోగితో మాట్లాడటం, జనారోగ్యం, ఏ జబ్బుకు ఏ మందు ఎట్లా పనిచేస్తుందన్నది చేర్చారు. 2022లో డిప్లొమా తర్వాత ఇంకొక పరీక్ష రాయాలన్న నిబంధన కూడా తెచ్చారు. మంచిదే. కానీ ఇవన్నీ కొత్తగా చదివేవాళ్లకు. ఇవాళ మన కిటికీ వెనక ఉన్నవాళ్లలో చాలామంది అంతకు ముందు చదివినవాళ్లు. వాళ్లు చదువుకున్నప్పుడు లేని మందులు ఇప్పుడు వాళ్ల చేతులమీదుగా వస్తున్నాయి.

మరి ఉద్యోగంలో చేరాక? 2015 జనవరిలో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలను తెచ్చింది. ఆ నిబంధనలు చదివితే మనకు సంతోషం కలుగుతుంది. మందు పేరేమిటి, ఎందుకు, ఎంత, ఎన్నాళ్లు, ఎట్లా దాచాలి, ఏ ఇబ్బంది కలగవచ్చు, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి, ఇవన్నీ ఫార్మసిస్టు రోగికి చెప్పాలని అందులో రాసి ఉంది. ఆ మాటలన్నీ చెప్పగలిగేలా ఆయన్ని తయారు చేయడానికి అదే నిబంధన పెట్టిన శిక్షణ ఎంతో తెలుసా? రిజిస్ట్రేషను కొనసాగడానికి అయిదేళ్లలో రెండు తరగతులు, ఒక్కొక్కటి కనీసం ఒక రోజు. అయిదేళ్లకు రెండు రోజులు! కొత్త రకం సాంచా షెడ్డులోకి వస్తే, దాన్ని చేతికి అలవాటు చేసుకోవడానికి మనకు పట్టే కాలమే అంతకంటే ఎక్కువ. ఆ రెండు రోజులూ ఒక హాలులో ఉపన్యాసం విని, మధ్యాహ్నం భోజనం చేసి, సర్టిఫికెట్ తీసుకుని రావడంతో ముగిస్తే ఇక చెప్పేదేముంది.

అసలు విషయం ఇప్పుడు చెబుతాం. మందుల పుస్తకంలో రోగి అంటే పొద్దున లేచి, మధ్యాహ్నం తిని, రాత్రి పడుకునే మనిషి. మనం ఆ మనిషి కాదు. మనకు రాత్రి పాళీ ఉంది.

చక్కెర జబ్బు ఉన్న మన సోదరుడికి గ్లిమెపిరైడ్ గోళీ రాసి, పొద్దున టిఫినుకు ముందు అని చెబుతారు. రాత్రి పాళీ దిగి ఏడింటికి ఇంటికి వచ్చినవాడు ఆ గోళీ వేసుకుంటాడు, కళ్లు మండుతుంటాయి, తినకుండానే పడుకుంటాడు. ఆ గోళీ తిండి ఉందా లేదా అని చూడదు, రక్తంలో చక్కెరను దించేస్తుంది. చెమటలు, వణుకు, కళ్లు మసకలు. నిద్రలో జరిగితే పక్కన ఉన్నవాళ్లకు కూడా తెలియదు. మగ్గం దగ్గర జరిగితే చెయ్యి పోతుంది. ఏ పూట వేసుకోవాలో మార్చవలసింది డాక్టరే, అది నిజం. కానీ "నీకు ఏ పాళీ? మొదటి తిండి ఎప్పుడు తింటావు?" అని అడగడానికి డాక్టరు కావలసిన పని లేదు. కిటికీ దగ్గర ఆ ఒక్క ప్రశ్న అడిగి, చీటీని డాక్టరు దగ్గరకు తిప్పి పంపేవాడు కావాలి. ఆ ప్రశ్న ఏ పుస్తకమూ నేర్పదు, మన పని తెలిసినవాడు నేర్పాలి.

జలుబుకు ఇచ్చే గోళీ సంగతీ అంతే. క్లోర్‌ఫెనిరమిన్ వేసుకుంటే మత్తు వస్తుంది, సెట్రిజిన్ కూడా కొందరికి నిద్ర తెస్తుంది. ఆఫీసులో కూర్చునేవాడు కుర్చీలో కునుకు తీస్తాడు. తిరుగుతున్న యంత్రం ముందు నిలబడేవాడు కునుకు తీయలేడు. వేలు తెగినవాణ్ణి "పరధ్యానంగా ఉన్నాడు" అని రాసి యాజమాన్యం చేతులు దులుపుకుంటుంది. ఆ పరధ్యానం ఒక రూపాయి గోళీలోంచి వచ్చిందేమో ఎవరూ అడగరు. నడుము నొప్పికి డైక్లోఫెనాక్ వాడేవాళ్లు మనలో ఎంతమందో లెక్క లేదు. రక్తపోటు ఉన్నవాళ్లకు, మూత్రపిండాలు బలహీనమైనవాళ్లకు అది మంచిది కాదు. అదే మందు రెండు వేరే పేర్లతో, ఒకటి దవాఖానా నుంచి, ఒకటి మెడికల్ షాపు నుంచి తెచ్చుకుని రెండూ మింగేవాళ్లను మేము ఇంటింటా చూశాం.

పత్తి దుమ్ము జబ్బు, బైసినోసిస్, గురించి ఇంతకు ముందు బులెటిన్లలో రాశాం కనుక దాని జోలికి ఎక్కువగా పోము. ఒక్క మాట. ఆ జబ్బు మొదట్లో వారపు సెలవు తర్వాత పనిలోకి వచ్చిన రోజే ఛాతీ పట్టేస్తుంది, తర్వాతి రోజుల్లో తగ్గుతుంది. ఆ దశలో దుమ్ములోంచి తప్పిస్తే మనిషి కోలుకుంటాడు, ముదిరితే ఊపిరి తిరిగి రాదు. వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్న జబ్బు, పరిహారం రావలసిన జబ్బు. ఇప్పుడు చూడండి, సెలవు మరుసటి రోజున దగ్గు మందుకో, పీల్చే మందుకో బ్లోరూం వాళ్లూ కార్డింగ్ వాళ్లూ వరుసగా వస్తుంటే అది అందరికన్నా ముందు కనిపించేది ఎవరికి? చీటీలన్నీ ఒకేచోట పోగయ్యే మందుల కిటికీకి. డాక్టర్లు మారుతుంటారు, రిజిస్టరు మారదు. ఆ రిజిస్టరును ఎట్లా చదవాలో నేర్పితే ఫార్మసిస్టు మనకు పెద్ద సాక్షి అవుతాడు. యాజమాన్యాలకు ఈ శిక్షణ ఎందుకు రుచించదో వేరే చెప్పనక్కరలేదు.

సోదరీమణుల గురించి. కండెలు చుట్టే అక్కలు, బీడీలు చుట్టే అక్కలు రక్తం తక్కువై దవాఖానాకు పోతే ఐరన్ గోళీలిస్తారు. విరేచనం నల్లగా అవుతుందని ముందే చెబితే భయపడరు, చెప్పకపోతే మూడో రోజున పారేస్తారు. చాయ్‌తో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదని చెప్పేవారూ లేరు. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ వాడితే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. రక్తం పోతోందనుకుని మందు మానేసిన ఆడవాళ్లున్నారు. మందు మధ్యలో మానితే క్షయ మొండిదవుతుంది, ఇంట్లో పిల్లలకు అంటుతుంది. పైగా ఆ మందు వాడేటప్పుడు గర్భనిరోధక మాత్ర సరిగా పనిచేయదు. ఈ మాటను ఒక మగ ఫార్మసిస్టు కిటికీలోంచి, వెనక పదిమంది వింటుండగా ఒక ఆడమనిషికి ఎట్లా చెబుతాడు? చెప్పడు. ఎట్లా చెప్పాలో, ఎక్కడ కూర్చోబెట్టి చెప్పాలో కూడా చదువులో భాగమే. కనీసం ఒక తెర, ఒక స్టూలు ఉండాలి.

ఇప్పుడు మన అన్న మాటకు వద్దాం. మందులే లేనప్పుడు చదువెందుకు?

మందులు లేకపోవడానికి పెద్ద కారణాలు పైనే ఉన్నాయి. టెండర్లు ఆలస్యం, బిల్లులు చెల్లించకపోవడం, బడ్జెట్ కోత. వాటిమీద మన పోరాటం సాగుతూనే ఉంటుంది. కానీ ఒక చిన్న కారణం కింద కూడా ఉంది. అది లెక్కల్లో ఉంది. డిస్పెన్సరీకి ఎంత మందు కావాలో రాసి పంపేది ఫార్మసిస్టు. ఇండెంట్ అంటారు. ఉదాహరణకు ఒక రక్తపోటు గోళీ నెలకు 600 ఖర్చవుతుందనుకోండి. ఆరు నెలల్లో మూడు నెలలు ఆ మందు అసలు రాలేదు. వచ్చిన మూడు నెలల్లో 1800 ఖర్చయింది. శిక్షణ లేనివాడు 1800ను ఆరుతో భాగించి నెలకు 300 చాలు అని రాస్తాడు. వచ్చే ఆరు నెలలకు 3600 కావలసిన చోట 1800 వస్తుంది. మూడు నెలల్లో మళ్లీ డబ్బా ఖాళీ. అంటే ఒకసారి వచ్చిన కరువు కాగితంమీద శాశ్వతమైపోతుంది, మనం మాత్రం పైవాళ్లు పంపలేదని అనుకుంటాం. మందు ఉన్న నెలలతోనే భాగించాలని తెలిసినవాడు 1800ను మూడుతో భాగించి 600 అని రాస్తాడు. గడువు ముందుగా ముగిసే డబ్బాను ముందు వాడాలి, వెనకది వెనక పెట్టాలి. ఇది తెలియక బీరువాల్లో గడువు తీరి పారబోసిన మందు కూడా మన చందా డబ్బే. 2019 జూలై నుంచి మన జీతంలో 0.75 శాతం, యాజమాన్యం వాటాగా 3.25 శాతం ఈఎస్ఐకి పోతున్నది. అందుచేత మందు ముందా, చదువు ముందా అని వాదించడం పడుగు ముందా, పేక ముందా అన్నట్టుగానే ఉంటుంది.

పవర్‌లూం షెడ్లలో పనిచేసే మనవాళ్లలో చాలామందికి రిజిస్టరులో పేరు లేదు, ఈఎస్ఐ కార్డూ లేదు. వాళ్లకు మునిసిపల్ దవాఖానా, లేకుంటే వీధిచివర మెడికల్ షాపు. ఆ షాపు గోడకు ఒక ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేలాడుతుంటుంది, ఆ మనిషి మాత్రం ఎన్నడూ కనిపించడు. సర్టిఫికెట్‌ను నెలకింత అని అద్దెకిచ్చే దందా దేశమంతటా ఉన్నదే. రిజిస్టరయిన ఫార్మసిస్టు తప్ప మరొకరు మందు కలిపి ఇవ్వరాదని 1948 చట్టం 42వ సెక్షను చెప్పింది. ఎవరు పట్టించుకున్నారు? నడుము పట్టేసిందంటే డెక్సామెథసోనో, బీటామెథసోనో కలిపిన పొట్లం కడతారు. రెండు రోజుల్లో నొప్పి మాయం, మనవాడు ఆ షాపును మెచ్చుకుంటాడు. నెలల తరబడి వాడితే మొహం ఉబ్బుతుంది, ఎముక గుల్లవుతుంది, చక్కెర పెరుగుతుంది. ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు. 2014 మార్చి నుంచి కొన్ని యాంటీబయాటిక్‌లకూ, క్షయ మందులకూ షాపులో విడిగా రిజిస్టరు రాయాలి, డాక్టరు పేరు, రోగి పేరు రాసి మూడేళ్లు దాచాలి అని నిబంధన ఉంది. మన బస్తీలో ఏ షాపులో ఆ రిజిస్టరు ఉందో అడిగి చూడండి. అడిగే హక్కు మనకుంది.

ఇంతకూ ఆ సర్టిఫికెట్ అద్దెకిచ్చే కుర్రవాడు ఎవరు? కొన్నిచోట్ల మన పిల్లవాడే. నేతపనిలో మనం పడ్డ కష్టం వాడు పడకూడదని అప్పు చేసి ఫార్మసీ డిప్లొమా చదివించాం. ఉద్యోగం రాలేదు. వచ్చినా మెడికల్ షాపులో పన్నెండు గంటల నిలబడ్డ పని, సాంచా మీద పనివాడికంటే తక్కువ జీతం. ప్రభుత్వ దవాఖానాలో అయితే కాంట్రాక్టు, ఏటేటా రెన్యూవల్ భయం. రేపు ఉంటాడో లేదో తెలియనివాడికి ఏ అధికారి శిక్షణ ఇప్పిస్తాడు? ఫార్మసిస్టు కూడా కార్మికుడే, మిత్రులారా. ఆయన చదువు అడగడమంటే ఆయన ఉద్యోగ భద్రత అడగడం కూడా.

శిక్షణ ఎట్లా ఉండాలన్న దానిమీద మాకు కొన్ని పట్టుదలలున్నాయి. మందుల కంపెనీ ఖర్చుతో హోటల్లో జరిగే తరగతి మాకు వద్దు. అక్కడ నేర్పేది వాళ్ల మందు పేరు. పని రోజున, జీతంతో, ఆ రోజు కిటికీలో ఇంకొకరిని కూర్చోబెట్టి జరగాలి. ఆదివారం పిలిస్తే ఎవరొస్తారు, మనమైతే పోతామా? ఉన్న శిక్షణ కూడా చాలాచోట్ల కంప్యూటరులో సరుకు ఎక్కించడం గురించే. అది అవసరమే, కానీ కంప్యూటరు ఆయాసపడదు, దానికి పీల్చే మందు నేర్పనక్కరలేదు. మహారాష్ట్రలోనూ, కర్ణాటకలోనూ రాష్ట్ర ఫార్మసీ కౌన్సిళ్లకు ఔషధ సమాచార కేంద్రాలున్నాయి. సందేహం వచ్చిన ఫార్మసిస్టు అక్కడ అడగవచ్చు. మందు పడక దద్దుర్లో, వాంతులో వస్తే తెలియజేయడానికి 2010లో మొదలైన జాతీయ ఔషధ నిఘా కార్యక్రమం ఉంది, 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. రోగులే నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. ఈ సంగతి కిటికీ అవతలివాడికీ ఇవతలివాడికీ ఇద్దరికీ తెలియదు.

భాష గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు నుంచి మన తాతలు ఈ ఊరికి వచ్చి తరాలు గడిచాయి. బజారు మరాఠీ అందరికీ వచ్చు. కానీ నొప్పి మాత్రం తెలుగులోనే వస్తుంది. "గుండెల దడ", "కడుపుల మంట", "తల తిప్పుడు" అని మన అమ్మలు చెబితే మరాఠీ కుర్రవాడికి ఏమర్థమవుతుంది? ఆయన తప్పు లేదు. మందుల సంచులమీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ, అన్నం పళ్లెం బొమ్మ ముద్ర వేయడానికి పెద్ద ఖర్చు కాదు. ఆ బొమ్మల్లో పాళీ మారినవాడికి ఏం చెప్పాలన్నది మనమే కూర్చుని ఆలోచించి ఇద్దాం. మరొకటి, డిప్లొమా చదివే మన పిల్లలు తమ 500 గంటల శిక్షణను మన బస్తీల డిస్పెన్సరీల్లో చేసేలా అనుమతి ఇవ్వాలని అడుగుదాం. తెలుగు వచ్చిన పిల్ల ఒకతె కిటికీ పక్కన నిలబడి మాట్లాడితే సగం పని అయిపోతుంది. ఆ పిల్లకూ చీటీలు చదవడం వస్తుంది, ఉత్త సంతకాల శిక్షణ తప్పుతుంది. యానాం, గంజాం, కోయంబత్తూరు, బెంగళూరు వైపున ఉన్న మన సభ్యులు తమ తమ చోట్ల ఏ భాష ఇబ్బంది ఉందో రాసి పంపాలి.

చివరగా, మనం చేయవలసిన పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో ఒక పద్ధతి పుస్తకం వేసింది. దవాఖానా ఎట్లా పనిచేస్తుందో కొలవడానికి అందులో చెప్పిన కొలతల్లో కొన్ని ఇవి: మందు ఇచ్చేవాడు రోగికి సగటున ఎంతసేపు కేటాయిస్తున్నాడు, రాసిన మందుల్లో ఎన్ని చేతికి వచ్చాయి, సంచిమీద సరిగా రాశారా, బయటకు వచ్చిన రోగికి మోతాదు తెలుసా. టైంకీపరు గడియారం పట్టుకుని మన వెనక నిలబడి ఒక ముడికి ఎన్ని సెకన్లని లెక్కపెట్టడం మనకు తెలియనిది కాదు. అదే గడియారం ఈసారి మన చేతిలో ఉండాలి. అయితే ఒక షరతు. లెక్క కిటికీది, మనిషిది కాదు. ఏ ఫార్మసిస్టు పేరూ కాగితంమీద రాయకూడదు. ముందుగా వాళ్ల సంఘానికి చెప్పి, వాళ్ల మనిషిని కూడా కూర్చోబెట్టుకునే చేయాలి. ఎన్ని ఖాళీలున్నాయో, ఒక్కడిమీద ఎన్ని చీటీలు పడుతున్నాయో కూడా అందులో తేలుతుంది, అది వాళ్లకూ పనికొచ్చే లెక్కే.

ఇందుకు ప్రతి డిస్పెన్సరీకి నలుగురు కావాలి. ఇద్దరు ఆడవాళ్లు తప్పనిసరి. బయటకు వచ్చిన అక్కలతో మాట్లాడటానికి మగవాళ్లను పంపితే ఏమీ తెలియదు. చదవను రాయను వచ్చినవాళ్లే కావాలని లేదు, అడిగే నోరుంటే చాలు, రాయడానికి పిల్లలున్నారు. పేర్లు ఇవాళే బయట బల్ల దగ్గర ఇవ్వండి, పక్కన మీ పాళీ ఏదో కూడా రాయించండి. వచ్చే వారం పాళీ మారేవాళ్లు ముందుగానే చెప్పండి, మందుల కిటికీ పొద్దున తెరిచే వేళకు రాత్రి పాళీ దిగినవాళ్లను కూర్చోబెట్టలేం.